ఆ కింది గీత
(గణిత దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, హెడ్మాస్టరు గారికి, తోటి ఉపాధ్యాయులకు, ముందు వరసలో కూర్చున్న వ్యవసాయ శాఖ మిత్రులకు, షామియానా కింద సర్దుకుని కూర్చున్న పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలి గానీ నాకిచ్చింది పావుగంట.

రామానుజన్ గురించి మాట్లాడమన్నారు. మన జిల్లాకు ఆ హక్కు ఉంది. 1910లో నోటుపుస్తకాలు చంకన పెట్టుకుని, ఏదో ఒక ఆధారం కోసం తిరుగుతున్న ఆ కుర్రవాణ్ణి ఆదుకున్నది అప్పటి నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు గారు. నెలకు 25 రూపాయలు ఇచ్చి, లెక్కలు చేసుకోమన్నారు. ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది. కానీ ఎడగారు పంట కోతలప్పుడు మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి గొంతులో అడ్డం పడి ఉంది. ముందు అది చెప్పనివ్వండి.

మా బావమరిది వడ్లు కల్లంలో ఆరబోశాడు. మబ్బు పడితే పట్టలు కప్పడం, ఎండ రాగానే తీయడం, కాలితో తిరగేయడం. ట్రాక్టరు బాడుగకు మాట్లాడి కొనుగోలు కేంద్రానికి తోలాడు. నేనూ వెంట వెళ్లాను. గుప్పెడు వడ్లు తేమ మిషన్‌లో పోశారు. సరిగ్గా 17 చూపించింది. ప్రభుత్వం కొనే ధాన్యానికి తేమ 17 శాతం దాకా ఉండొచ్చు. దాటితేనే అభ్యంతరం. అయినా అక్కడున్న అబ్బాయి, "పెద్దాయనా, 17 కన్నా తక్కువ ఉండాలంట, ఇంకోసారి ఆరబెట్టుకుని తీసుకురండి" అని ఫోన్ చూపించాడు. అందులో ఉన్నది ఇది: తేమ < 17.

"ఏంది బావా ఇది?" అన్నాడు మావాడు. నాకు నోట మాట రాలేదు. ఆ అబ్బాయి ఉన్నది ఉన్నట్టు చదివాడు, అతన్నేమంటాం? బండి వెనక్కి తిప్పాం. ఆ రాత్రి వాన. పట్టల కింద చెమ్మెక్కిన ఆ వడ్లు చివరికి దళారికి పోయాయి. పుట్టికి ఎంత తగ్గించాడో ఈ సభలో చెప్పను, మావాడు బాధపడతాడు.

తర్వాత అసలు కాగితం సంపాదించి చూశాను. అందులో < కింద గీత ఉంది! ఆ గీత ఉంటే 'తక్కువ లేదా సమానం' అని అర్థం, అంటే 17 ఉన్నా సరే. టైపు చేసినవాళ్లు < కొట్టి దానికి అండర్‌లైన్ పెట్టారు. చూడటానికి అచ్చం ≤ లాగే ఉంది. దాన్ని కాపీ చేసి మెసేజీలో పెట్టేసరికి అండర్‌లైన్ రాలిపోయింది. బొట్టుబిళ్ల చెమటకు ఊడిపోతుంది, పచ్చబొట్టు ఊడదు. < కింద పెట్టిన అండర్‌లైన్ బొట్టుబిళ్ల. ≤ అనేది పచ్చబొట్టు. కంప్యూటర్లు, ఫోన్లు ప్రతి అక్షరానికీ గుర్తుకూ వాడుకునే ఉమ్మడి నంబర్ల పట్టిక యూనికోడ్. అందులో దానికి 2264 అని సొంత నంబరుంది. ≥ నంబరు 2265. ఆ నంబరుతో వెళ్లిన గుర్తు ఏ ఫోన్‌కు పోయినా గీతతోనే పోతుంది.

పిల్లలూ, మీరు చెప్పండి. ఎక్స్ ≤ 5 అయ్యే సహజ సంఖ్యలు ఎన్ని? అయిదు. గీత తీసేస్తే? నాలుగు. మరి ప్రశ్నపత్రంలో ఆ గీత ఎగిరిపోతే మార్కు ఎవరికి పోతుంది? చూపు లేని పిల్లల సంగతి ఇంకా అన్యాయం. తెరమీది అక్షరాల్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ మామూలుగా అండర్‌లైన్‌ని పలకదు. "కన్నా తక్కువ" అని ఊరుకుంటుంది. ఆ బిడ్డకు గీత ఉందని కూడా తెలియదు.

ఈ గుర్తులు ఊరికే రాలేదయ్యా. 1557లో రాబర్ట్ రికార్డ్ సమాన గుర్తు పెట్టాడు. <, > థామస్ హారియట్‌వి. ఆయన చనిపోయాక 1631లో అచ్చయిన పుస్తకంలో ఉన్నాయి. వీటిని సమాన గుర్తుతో కలిపి, కింద రెండు గీతలతో 1734లో వాడినవాడు ఫ్రాన్స్‌కు చెందిన పియర్ బూగే. అంత కాలం పట్టింది ఆ గీత రావడానికి. మనం ఒక్క కాపీ పేస్టుతో పోగొడుతున్నాం.

మన డీటీపీ సెంటర్లలో మరో చిక్కు. పాత తెలుగు ఫాంట్లలో < మీటలో తెలుగు ముక్కేదో కూర్చుని ఉంటుంది. ఆపరేటర్ ఫాంట్ మార్చి గుర్తు కొడతాడు. ఫైలు మొత్తాన్ని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు అది కాస్తా ఒత్తో, గుడో అయి తేలుతుంది. వెబ్‌పేజీలో అయితే < పక్కనే ఇంగ్లిష్ అక్షరం వస్తే బ్రౌజరు దాన్ని ఆదేశం అనుకుని వెనకున్నదాన్ని మింగేస్తుంది.

సమయం అయిందని చీటీ ఇచ్చారు. ఒక్క నిమిషం. ఫోన్లు తీయండి, పెద్దలు కూడా. గూగుల్ కీబోర్డులో గుర్తుల పేజీకి వెళ్లి < మీద వేలు నొక్కి పట్టుకోండి. ≤ వస్తోందా? = మీద నొక్కితే ≠ వస్తుంది. కంప్యూటర్‌లో వర్డ్ వాడేవాళ్లు 2264 కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. అదీ కుదరకపోతే <= అని రెండు మీటలు కొట్టండి, కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లు రోజూ చేసేది అదే. అండర్‌లైన్ మాత్రం వద్దు, చేతులెత్తి దండం పెడుతున్నాను.

వ్యవసాయ శాఖ మిత్రులారా, రైతుకు పంపే మెసేజీలో అసలు గుర్తే వద్దు. "తేమ 17 శాతం మించకూడదు, 17 ఉన్నా తీసుకోవాలి" అని తెలుగులో రాయండి. రబీ కోతలు మొదలవకముందే ఆ మాట ప్రతి కేంద్రంలోని అబ్బాయి ఫోన్‌కూ చేరేలా చూడండి.