ఇయర్‌ఫోన్లు తీసేసి మాట్లాడుకుందాం

సభకు నమస్కారం.

డిసెంబరు వచ్చిందంటే స్పాటిఫై వాడు మనం ఏడాదంతా ఏ పాటలు విన్నామో లెక్కగట్టి చేతికిస్తాడు. ఆ స్క్రీన్‌షాట్లు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోవడం ఇప్పుడొక పండగ. నాకు తెలిసినవాళ్లవి చూస్తే ఒకరికి బాలమురళీకృష్ణ, ఇంకొకరికి ఇళయరాజా, మరొకరికి పేరు పలకడానికే కష్టమయ్యే ఏదో విదేశీ బ్యాండు. చాలా సంతోషం. మరి యూట్యూబ్‌లో కోట్ల వ్యూస్ కొడుతున్న మాస్ పాటలన్నీ ఎవరు వింటున్నట్టు? దెయ్యాలా? అదే స్పాటిఫైలో ప్రైవేట్ సెషన్ అని ఒక ఆప్షన్ ఉంది. అది ఆన్ చేసుకుంటే మీరేం వింటున్నారో మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్లకు కనబడదు. పాటకు పరదా కట్టుకునే సౌకర్యం కంపెనీవాడే ఇచ్చాడంటే గిరాకీ ఉన్నట్టే కదా.

పైకి చెప్పుకోలేని పాటల ఇష్టం గురించి మాట్లాడమన్నారు. ముందు నా చిట్టా విప్పేస్తాను. ఎల్.ఆర్. ఈశ్వరి గారి క్లబ్బు పాటలంటే నాకు ప్రాణం. సంగీత దర్శకుడు చక్రవర్తి గారు కట్టిన వాన పాటలు వస్తే చేస్తున్న పని ఆపేస్తాను. పెళ్లి బరాత్‌లో తీన్మార్ మొదలైతే కాలు నిలవదు. అలాగే త్యాగరాజ పంచరత్నాలు కూడా శ్రద్ధగా వింటాను. చూశారా, ఆ చివరి వాక్యం ఎంత తొందరగా వచ్చేసిందో! మాస్ పాట పేరు చెప్పాక దాని పక్కన ఒక కీర్తన నిలబెట్టకపోతే మనకు ఊపిరాడదు.

కొందరు కీర్తనదాకా వెళ్లరు, సాకు చెబుతారు. జిమ్‌లో మాత్రమే వింటానండీ అంటారు. పిల్లలు పెట్టమంటే పెట్టానంటారు. సరదాకి, కామెడీగా వింటాను అనేవాళ్లు మరీ ఎక్కువ. కామెడీగా వినేవాడికి రెండో చరణం కూడా కంఠతా ఎలా వచ్చిందని మాత్రం అడక్కూడదు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. మంచి పాటలు ఇటు, సిగ్గుపడాల్సిన పాటలు అటు అని మనం కట్టుకున్న గోడ పాటలు కట్టినవాళ్లకు ఎప్పుడూ లేదు. అది విన్నవాళ్లు కట్టుకున్న గోడ. పాటను చూసి కాదు, పక్కన కూర్చుని వింటున్నదెవరో చూసి కట్టుకున్నది.

వేటూరి సుందరరామమూర్తి గారినే తీసుకోండి. 1979 జులైలో వేటగాడు వచ్చింది. 1980 ఫిబ్రవరిలో శంకరాభరణం వచ్చింది. మధ్యలో ఏడు నెలలు. రెండింటికీ పాటలు రాసింది ఆయనే. రెండింట్లోనూ పాడింది బాలసుబ్రహ్మణ్యం గారే. శంకరాభరణానికి ఆయనకు జాతీయ అవార్డు వచ్చింది, వాణీ జయరాం గారికీ, సంగీత దర్శకుడు మహదేవన్ గారికీ వచ్చింది. తెలుగువాళ్లు ఆ సినిమాకు గుడికి వెళ్లినట్టు వెళ్లారు. వేటగాడులోని వాన పాటకు వచ్చినవి ఈలలు, తిట్లు. బూతు రాశాడన్నారు.

ఆ వాన పాట మొదటి రెండు ముక్కలు దగ్గరగా చూద్దాం. ‘ఆకుచాటు పిందె తడిసె, కోకమాటు పిల్ల తడిసె’. మొదటి ముక్కలో రెండో అక్షరం కు, రెండో ముక్కలో రెండో అక్షరం క. ప్రాస కుదిరింది. చాటుకు మాటు, పిందెకు పిల్ల, ఎదురెదురుగా ఎక్కడివక్కడ కూర్చున్నాయి. పద్యం చేతిలో ఆడేవాడికి తప్ప ఈ పొందిక రాదు. ఆయన వేటూరి ప్రభాకరశాస్త్రి గారి ఇంటివాడు. ప్రభాకరశాస్త్రి గారంటే తిరుపతిలో అన్నమయ్య సంకీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద పనిచేసిన పండితుడు. జనం నోళ్లలో నానిన చాటు పద్యాలు ఏరి ‘చాటుపద్య మణిమంజరి’ అచ్చు వేయించిందీ ఆయనే. ఆ పుస్తకం తిరగేసినవాళ్లకు తెలుసు, అందులో పద్యాలన్నీ పూజగదిలో చదువుకునేవి కావు. సంకీర్తనలకూ, చాటువులకూ ఆయన వేర్వేరు చేతులు వాడలేదు.

ఎల్.ఆర్. ఈశ్వరి గారి సంగతి ఇంకా విచిత్రం. మన దగ్గర ఆ పేరు వినగానే జ్యోతిలక్ష్మి, మసక వెలుతురు, చేతిలో గ్లాసు గుర్తొస్తాయి. ఆషాఢంలో తమిళనాడు వెళ్లండి. ఏ అమ్మవారి గుడి దగ్గర మైకు విన్నా అదే గొంతు. అక్కడ ఆవిడ పాడిన అమ్మవారి పాటలు లేనిదే జాతర జరగదు. క్లబ్బు పాటలో ఉన్న ఆ జీర, ఆ విసురు అమ్మవారి పాటలోనూ ఉన్నాయి. అక్కడ దాన్నే పూనకం అంటారు.

కీరవాణి గారిది కొత్త కథ. 1997లో అన్నమయ్య సినిమాకు సంగీతం ఆయనది. అదే దశాబ్దంలో ఆయన కట్టిన మాస్ పాటలు ఎన్నో మీకే తెలుసు. 2023 మార్చిలో నాటు నాటుకు ఆస్కార్ వచ్చింది. ఆ మర్నాటి నుంచి అది మన సంస్కృతి అయిపోయింది. అంతకు ముందు ఆ తరహా పాటను ‘ఊరమాస్’ అని మూతి విరిచినవాళ్లే స్టేటస్ పెట్టారు. నాకు ఆ పాట ఇష్టమే. అమెరికావాడు ముద్ర వేశాక ఇష్టపడటానికి ధైర్యం వచ్చినవాళ్లను చూస్తే మాత్రం కొంచెం నవ్వొస్తుంది.

ఇది సినిమాతో పుట్టిన జబ్బు కాదు. క్షేత్రయ్య పదాలు, అంటే మువ్వగోపాలుడి పేరున ఆయన కట్టిన శృంగార పాటలు, ఈరోజు ఎక్కడ వింటున్నాం? కచేరీ చివర్లో, తిల్లానాకు కాస్త ముందో వెనకో. పట్టుచీరలు, విభూతి రేఖలు, మూసిన కళ్లు. మద్రాసు సభల్లో మువ్వగోపాలుడి మీద పదం వింటూ భక్తితో తలలూపేవాళ్లను చూస్తే, పాపం, ఆ నాయిక ఏం ఫిర్యాదు చేస్తోందో వీళ్లకు ఎవరైనా తెలుగులో విడమరిచి చెబితే ఏమవుతుందా అనిపిస్తుంది. వందేళ్ల కిందట ఇవే పదాలను, జావళీలను మర్యాదస్తులు వినకూడని పాటలన్నారు. అప్పుడు అవి భోగం ఇళ్ల పాటలు. పాట మారలేదు. పాడేవాళ్లు మారారు, వినేవాళ్ల కులం మారింది, పాట పవిత్రమైపోయింది.

ఇక్కడ దేవదాసీ కుటుంబంలో పుట్టిన గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారిని తలచుకోకుండా ఉండలేను. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనం అనే శృంగార కావ్యాన్ని 1910లో ఆవిడ పూర్తి పాఠంతో అచ్చు వేయించారు. వీరేశలింగం పంతులు గారంతటి మనిషి ఆ కావ్యాన్ని ఈసడించారు. స్త్రీ నోట రాకూడని మాటలట. నాగరత్నమ్మ గారు ఊరుకోలేదు. మగ కవులు రాసినప్పుడు లేని అభ్యంతరం ఆడది రాస్తే ఎందుకని ముఖం మీదే అడిగారు. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులు గారి హయాందాకా ఆ నిషేధం పోలేదు. తిరువయ్యారులో పాడుబడి ఉన్న త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించింది కూడా ఈవిడే, తన సొంత డబ్బు పోసి. అక్కడ ఆడవాళ్లను పాడనివ్వకపోతే వేరే బృందం పెట్టి పాడించింది కూడా ఈవిడే. ముద్దుపళని, త్యాగయ్య ఒకే మనసులో పక్కపక్కన ఉండగలిగారు. ఆవిడ ఒకరిని చెప్పుకుని ఇంకొకరిని దాచలేదు.

ప్రభుత్వాలు కూడా మన చెవులు శుభ్రం చేయాలని చూశాయి. ఆలిండియా రేడియో 1940 నుంచి దశాబ్దాలపాటు హార్మోనియాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. మన పద్యనాటకమేమో హార్మోనియం మీదే బతికింది! 1952లో సమాచార ప్రసార శాఖకు బి.వి. కేస్కర్ గారు మంత్రి అయ్యారు. సినిమా పాటలు జనాన్ని చెడగొడుతున్నాయని వాటికి కత్తెర వేశారు. జనం ఏం చేశారు? ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. దేశమంతా కొలంబోకు చెవులప్పగించింది. చివరికి 1957 అక్టోబరు 3న విజయదశమి నాడు ప్రభుత్వమే వివిధభారతి పెట్టి ఆ పాటలే వినిపించాల్సి వచ్చింది. ఐదారేళ్లకు మించి నిలవలేదు ఆ మడి.

సరే, ఈ సిగ్గు ఎక్కడ పుడుతుంది? ఫ్రాన్స్‌లో పియెర్ బూర్దియూ అనే సమాజశాస్త్రవేత్త ఉండేవాడు. వెయ్యిమందికి పైగా మనుషుల్ని ఏ సంగీతం ఇష్టమని అడిగి, 1979లో ఒక లావు పుస్తకం వేశాడు. అన్నట్టు వేటగాడు వచ్చిందీ ఆ ఏడాదే. ఆయన తేల్చిందేమిటంటే, మన అభిరుచి మన తరగతిని పట్టిస్తుంది. ‘బ్లూ డాన్యూబ్’ అనే వాల్ట్జ్ కూలిపని చేసేవాళ్లకు బాగా నచ్చింది. చదువుకున్న పంతుళ్లు దానికి దూరం జరిగి బాఖ్‌ను పట్టుకున్నారు. అదీ శాస్త్రీయ సంగీతమే, ఇదీ శాస్త్రీయ సంగీతమే. కానీ అందరూ వింటున్నారని తెలిశాక అది తమకు పనికిరాకుండా పోయింది.

మన దగ్గర తరగతితో ఆగదు, కులం కూడా ఉంది. డప్పు దగ్గరకు రండి. వాయించే ముందు గడ్డిమంట వేసి డప్పును వేడి చేస్తారు. తోలు బిగుసుకుని గణగణమనేదాకా వేలితో తట్టి చూస్తూ తిప్పుతుంటారు. ఒక చేతిలో లావుపాటి సిర్ర, రెండో చేతిలో సన్నటి సిటికెన పుల్ల. సిర్ర పెద్ద దెబ్బలు వేస్తుంటే, పుల్ల ఆ సందుల్లో దూరి చిన్న దెబ్బలు నింపుతుంది. హైదరాబాద్‌లో ఈ డప్పు మర్ఫాతో కలిసింది. మర్ఫా నిజాం సైన్యంలో చేరిన అరబ్బులు, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు తెచ్చిన వాద్యం. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న చోటునే ఇప్పుడు ఏసీ గార్డ్స్ అంటున్నాం. అరేబియా, ఆఫ్రికా, తెలంగాణ పల్లె ఒకే బరాత్‌లో నడుస్తాయి. వినపడేది మూడు మూడుగా విరిగే ఆరు మాత్రల నడక. కచేరీలో మృదంగం మీద తిశ్రగతి, అంటే ఇదే మూడేసి లెక్క, పడితే శభాష్ అని తొడ మీద తాళం వేస్తాం. అదే లెక్క మాదిగ వాడ నుంచి వినపడితే గోల అంటాం, కిటికీ వేసుకుంటాం. చెవికి తేడా తెలియదు. తేడా వాడ పేరులో ఉంది.

లారీలో మోగే పాట, ఆటోలో మోగే పాట, సంతలో మోగే పాట. మన సిగ్గుకు మనం పెట్టుకున్న పేర్లే చూడండి. ఒక్కదాంట్లోనూ సంగీతం లేదు, అన్నీ చోట్లే. చిత్రమేమిటంటే డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు పెళ్లి అయితే ఆ లారీ పాటకే డాక్టర్లు, ఇంజినీర్లు చెమటలు కారేలా ఆడతారు. అక్కడ లారీ లేదు కాబట్టి భయం లేదు.

అలాగని అన్ని సిగ్గులనూ నేను కొట్టిపారేయడం లేదు. ఇందాక మెచ్చుకున్న వాన పాటే తీసుకోండి. 1972లో బడిపంతులులో రామారావు గారి మనవరాలిగా చేసిన శ్రీదేవి గారు, ఏడేళ్లు తిరిగేసరికి వేటగాడులో ఆయన పక్కన కథానాయిక. ఆయనకు యాభై ఆరేళ్లు. ఆ సంగతి తెలిశాక పాట వింటుంటే ఒక చోట మనసు ఇరుక్కుంటుంది. ఇరుక్కోవాలి కూడా. ‘వద్దు’ అన్న అమ్మాయిని వెంటపడి ఏడిపించడమే హుషారుగా చూపించే పాటలు మన దగ్గర గంపెడు ఉన్నాయి. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ సినిమా పాటల్లో అసభ్యంగా ఉంటున్న స్టెప్పుల మీద హెచ్చరిక జారీ చేసింది. కమిషన్లు చెబితే పాటలు మారతాయన్న నమ్మకం నాకు లేదు, కేస్కర్ గారి కథ ఇప్పుడే చెప్పాను. కానీ ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది.

ఇబ్బంది ఎక్కడంటే ఈ రెండు సిగ్గులనూ మనం కలగలిపేశాం. దరువు నాటుగా ఉంటే సిగ్గుపడతాం, సాహిత్యం ఆడవాళ్లను కించపరిస్తే పట్టించుకోం. మెల్లగా, వయొలిన్లు పెట్టి, మంచి రాగంలో పాడితే ఎంత చెత్త భావమైనా మెలోడీ అని కారులో కుటుంబమంతా కలిసి వింటాం. నిక్కచ్చిగా జల్లెడ పడితే మనం గొప్పగా చెప్పుకునే మెలోడీల్లో చాలావాటిని దాచుకోవాలి, దాచుకున్న తీన్మార్లలో చాలావాటిని బయట పెట్టాలి.

నాకు పాటలో ఇబ్బంది తగిలితే ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకుంటాను. నన్ను కుదిపింది ఆ పాట అన్న మాటా, లేక అది వినేవాళ్ల జాబితాలో నా పేరు పడుతుందన్న భయమా? మొదటిదైతే దాని గురించి పదిమందిలో మాట్లాడతాను, ఇష్టమైన ట్యూన్ అయినా సరే. రెండోదైతే వాల్యూమ్ పెంచుతాను. పై పోర్షన్‌లో ఉండేవాళ్లు ఒకసారి ఏమిటండీ ఈ పాటలు అని అడిగారు. ఎల్.ఆర్. ఈశ్వరి గారండీ అన్నాను. ఓహో, భక్తి పాటలా అన్నారు. వాళ్లు చిత్తూరు వైపు వాళ్లు. నేనేమీ సరిదిద్దలేదు.

నా మాటలు అయిపోయాయి. ఇప్పుడు మైకు మీ వైపు వస్తుంది. నిర్వాహకులు స్పీకర్లకు ఫోన్ కలిపి పెట్టారు, పాట పేరు చెబితే మొదటి చరణందాకా వేస్తారు. షరతులు రెండే. సరదాకి వింటాను అనకూడదు. పక్కన కీర్తన పేరు చెప్పకూడదు. మూడో వరుసలో మాస్టారు చెయ్యెత్తారు. ముందు ఆయనకివ్వండి మైకు.