కీలుకు పట్టే పాచి

శ్రోతలకు నమస్కారం. పొద్దున లేవగానే నాలుకతో పళ్లను తడిమితే జిగటగా తగులుతుంది చూశారూ, పాచి. నీళ్లతో ఎంత పుక్కిలించినా పోదు, తోమాల్సిందే. మార్పిడి చేసిన మోకాలి లోపల, లోహం మీద కూడా అలాంటిదే పట్టొచ్చు. డాక్టర్లు దాన్ని బయోఫిల్మ్ అంటారు. నాకైతే పాచి అన్న మాటే నచ్చుతుంది.

కీలు మార్పిడి చేయించుకున్నవాళ్లలో నూటికి ఒకరిద్దరికి ఇన్ఫెక్షన్ వస్తుంది. చాలాసార్లు కారణం మన చర్మం మీద, ముక్కులో కాపురముండే స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియానే. లోహానికి రక్తప్రసారం ఉండదు కదా, అక్కడ వాలి, చుట్టూ జిగురు అల్లుకుంటాయి. పైవాటిని మందు చంపుతుంది. అడుగున ఉన్నవి తిండీ ఆక్సిజనూ సరిగా అందక మగతగా పడుంటాయి. పెనిసిలిన్ జాతి మందులు దెబ్బకొట్టేది బ్యాక్టీరియా కొత్తగా గోడ కట్టుకునేటప్పుడు. నిద్రలో ఉన్నది గోడేం కడుతుంది? అందుకే ల్యాబ్ రిపోర్టులో బ్యాక్టీరియా ఏ మందుకు లొంగినట్టు కనిపించిందో, ఆ మందే లోపల చేతులెత్తేస్తుంది.

ఇక్కడే మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. మోకాలు వాచింది, మెడికల్ షాపుకెళ్లి నాలుగు యాంటీబయాటిక్ బిళ్లలు తెచ్చుకుంటారు. వాపు తగ్గుతుంది. పాచి అలాగే ఉంటుంది. తర్వాత కీలులోంచి సూదితో నీరు తీసి కల్చర్ చేస్తే, అంటే ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూస్తే, ఆ బిళ్లల వల్ల ఏమీ పెరగదు. ఏ బ్యాక్టీరియానో తెలియదు, ఈలోపు విలువైన వారాలు గడిచిపోతాయి.

ఆ వారాలే కీలకం. తొందరగా వస్తే కీలు తెరిచి, కడిగి, గీకి, మధ్యలోని ప్లాస్టిక్ ముక్క మార్చి లోహాన్ని ఉంచేయొచ్చు. ఆలస్యమైతే సాధారణంగా మొత్తం తీసేయాలి. యాంటీబయాటిక్ కలిపిన, ఎముకలకు వాడే సిమెంటు ముక్కను కొన్ని వారాలు అక్కడ పెట్టి, ఆనక కొత్త కీలు వేస్తారు.

గీకాక మందుకు బలమొస్తుంది. స్టెఫిలోకాకస్ పాచిలో పనిచేసేది రిఫాంపిసిన్, మనకు తెలిసిన టీబీ మందే. 1998లో వెలువడిన స్విట్జర్లాండ్ పరిశోధనలో చికిత్స పూర్తిచేసినవాళ్లలో, సిప్రోఫ్లాక్సాసిన్ అనే మరో యాంటీబయాటిక్‌తో పాటు ఇది వాడిన 12 మందికీ నయమైంది. ఇది లేకుండా 12లో ఏడుగురికే. ఒంటరిగా మాత్రం ఇవ్వకూడదు, కొద్ది రోజుల్లోనే బ్యాక్టీరియా దానికి లొంగకుండా పోతుంది.

కోర్సు కూడా పొడుగే. 2021లో ఫ్రాన్స్ డాక్టర్లు పోల్చి చూస్తే ఆరు వారాలు మందులు వాడినవాళ్లలో నూటికి 18 మందికి ఇన్ఫెక్షన్ మిగిలింది, 12 వారాలు వాడినవాళ్లలో తొమ్మిది మందికి. అన్నట్టు, రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది. కంగారుపడి మందు ఆపేయకండి. సెలవు.