డీజిలుకు ఉన్న లెక్క ప్రకటనకు ఎందుకు లేదు

వేదిక మీదున్న పెద్దలకు, డిపో నుంచి వచ్చిన నా పాత సహోద్యోగులకు, బేరాలు వదులుకుని వచ్చిన విజయనగరం ఆటో సోదరులకు, వెనక వరుసల్లో కూర్చున్న ఐ.టి.ఐ. విద్యార్థులకు నమస్కారం. ఇంధన పొదుపు మాసోత్సవం సందర్భంగా డీజిలు పొదుపు గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను పిలిచారు. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆర్టీసీ బస్సు నడిపి, అందులో చివరి ఏడేళ్లు కొత్త డ్రైవర్లకు శిక్షణ ఇచ్చి, 2021లో పదవీ విరమణ చేసినవాడిని కనుక ఆ పని నాకు అప్పగించారు. అయితే డీజిలు గురించి చెప్పవలసినది త్వరగా ముగించి, మిగిలిన సమయాన్ని నా మేనల్లుడికి జరిగిన ఒక మోసం గురించి మాట్లాడటానికి వాడుకుంటాను. అది కూడా ఇంధన పొదుపు విషయమే. నిర్వాహకులు మన్నించాలి.

డిపోలో పనిచేసినవారికి కె.ఎం.పి.ఎల్. అన్నది రోజూ వినే మాట. లీటరు డీజిలుకు బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న లెక్క అది. ఆ లెక్క ప్రతి డ్రైవరుకూ విడిగా కడతారు. తక్కువ తెచ్చినవాడిని పిలిచి కారణం అడుగుతారు, బాగా తెచ్చినవాడికి ఇలాంటి సభల్లో శాలువా కప్పుతారు. రోజుకు 300 కిలోమీటర్లు తిరిగే బస్సు లీటరుకు 5 కిలోమీటర్లు ఇస్తే 60 లీటర్లు తాగుతుంది. అదే బస్సు 5.2 ఇస్తే 58 లీటర్లకు కొంచెం తక్కువే సరిపోతుంది. చుక్క తర్వాత వచ్చే ఆ ఒక్క అంకె కోసం మేము జీవితమంతా తంటాలు పడ్డాము, ఎందుకంటే వంద బస్సులున్న డిపోలో ఆ అంకె విలువ రోజుకు 230 లీటర్లు. మన దేశం వాడే ముడి చమురులో నూటికి 85 వంతుల కన్నా ఎక్కువ బయటి దేశాల నుంచే వస్తుందని గుర్తుంచుకుంటే ఆ అంకె ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది.

ఆ అంకెను పెంచే మార్గాలు మీకు తెలియనివి కావు. క్లచ్ మీద కాలు ఆనించి నడపకూడదు. టైర్లలో గాలి వారానికి ఒకసారి చూసుకోవాలి. బ్రేకులు పట్టేసి ఉన్నాయేమో బండిని తోసి చూసుకోవాలి. ప్రయాణికుల కోసం ఆగినప్పుడు ఇంజను కట్టేయాలి. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. సాలూరు దాటి ఒడిశా వైపు వెళ్లే ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీస్తే చక్రాలే ఇంజనును తిప్పుతాయి, డీజిలు సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో పెడితే ఇంజను తనంతట తాను తిరగడానికి డీజిలు తాగుతూనే ఉంటుంది, పైగా ఘాట్‌లో బండి పట్టు తప్పుతుంది. డీజిలూ పోయి ప్రాణమూ పోయే పని అది. దయచేసి చేయకండి.

ఇక నా మేనల్లుడి సంగతికి వస్తాను. అతను విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం వరకు డీజిలు ఆటో నడుపుతాడు. గత సంవత్సరం ఒకరోజు ఫోనులో వీడియో చూస్తుండగా మధ్యలో ఒక ప్రకటన వచ్చింది. ఏ యాప్‌లో వచ్చిందో ఈ వేదిక మీద చెప్పను. తెల్లకోటు వేసుకున్న మనిషి ఒకడు డీజిలు పైపుకు రెండు అయస్కాంతపు బిళ్లలు బిగించి, దీనివల్ల మైలేజీ నూటికి 25 వంతులు పెరుగుతుందని స్పష్టమైన తెలుగులో చెప్పాడట. ధర 1,499 రూపాయలు, వస్తువు చేతికి వచ్చాకే డబ్బు కట్టవచ్చు. నాతో ఒక్క మాట అనకుండా తెప్పించి, బిగించిన తర్వాత వచ్చి, "మావయ్యా, నువ్వు ముప్పై ఏళ్లు కష్టపడినా రానిది దీంతో వస్తాదంట" అన్నాడు. ఆ మాటకు నాకు కోపం రాలేదు, భయం వేసింది. నెలవారీ వాయిదాలు కట్టుకునే కుర్రవాడు, ఆ 1,499 రూపాయలు ఎక్కడ నుంచి తెచ్చాడోనని.

మేమిద్దరం డిపో పద్ధతిలోనే పరీక్ష పెట్టాము. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర ట్యాంకు నిండా పోయించి, అదే దారిలో, అదే వేళల్లో, దాదాపు అంతే మంది ప్రయాణికులతో వారం రోజులు బిళ్లలతో, వారం రోజులు బిళ్లలు తీసేసి నడిపించి, మళ్లీ ట్యాంకు నింపి లెక్క కట్టాము. బిళ్లలతో లీటరుకు 33 కిలోమీటర్లు వచ్చింది. బిళ్లలు లేకుండా కూడా 33 వచ్చింది. మూడో వారం నేను ఎయిర్ ఫిల్టరు మార్పించి, వెనక చక్రం బ్రేకు పట్టేసి ఉంటే వదులు చేయించి, గాలి సరిచేయించాను. అప్పుడు 36 వచ్చింది. ఖర్చు 400 రూపాయలు దాటలేదు.

ఐ.టి.ఐ. విద్యార్థులు ఇది తెలుసుకోవాలి. డీజిలును అయస్కాంతం ఆకర్షించదు. అదీగాక మంచి స్థితిలో ఉన్న ఇంజను తనలోకి వచ్చిన డీజిలును దాదాపు అంతా మండించేస్తుంది. మనకు నష్టం జరిగేది మండకపోవడం వల్ల కాదు, మండగా పుట్టిన వేడిలో ఎక్కువ భాగం పొగగొట్టం నుంచి, రేడియేటరు నుంచి పోవడం వల్ల. మండకుండా మిగలని డీజిలులో నుంచి ఏ బిళ్ల అయినా 25 వంతులు ఎలా ఆదా చేస్తుంది? అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇటువంటి పరికరాలను వందకు పైగా పరీక్షించి, మైలేజీని చెప్పుకోదగినంత పెంచేది ఒక్కటీ కనిపించలేదని తేల్చింది. ఆ పరీక్షల సంగతి నా మేనల్లుడి ఫోనులోకి రాలేదు. బిళ్లల ప్రకటన మాత్రం మరునాడు మళ్లీ వచ్చింది. ఆ తర్వాత రోజు కూడా వచ్చింది.

ఫిర్యాదు చేద్దామని కూర్చున్నాము. అమ్మినవాడి పేరు, చిరునామా రాయవలసిన చోట రాయడానికి మా దగ్గర ఏమీ లేదు. పెట్టె మీద ఒక ఫోను నంబరు ఉంది, అది మోగలేదు. ప్రకటన కింద "రిపోర్ట్" అన్న మీట నొక్కితే మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని వచ్చింది. ఎవరికి చెప్పినట్టు? ఎవరు విన్నట్టు? రెండు వందల మిల్లీలీటర్ల డీజిలు తేడా వస్తే నన్ను పిలిచి సంజాయిషీ అడిగిన ఉద్యోగంలో బతికినవాడిని. ఇంత మోసానికి సంజాయిషీ అడగడానికి ఒక్క మనిషి కూడా దొరకకపోవడం నాకు మింగుడుపడలేదు, ఇప్పటికీ పడటం లేదు.

టీవీలో మాత్రం అబద్ధపు ప్రకటనలు రాలేదా అని మీరు అడగవచ్చు. వచ్చాయి. కానీ ఆ రోజుల సంగతి కొంచెం చెప్పనివ్వండి. మాది చీపురుపల్లి దగ్గర పల్లె. వీధికంతటికీ ఒక్క టీవీ ఉన్న కాలంలో ఆదివారం సాయంత్రం సినిమా వేస్తే ఆ ఇంటి అరుగు మీద, వాకిట్లో ముప్పై మందిమి చాపలు పరుచుకుని కూర్చునేవాళ్లం. మధ్యలో ప్రకటనలు వచ్చేవి. ఒకసారి ఏదో బట్టల సబ్బుపొడి ప్రకటన రాగానే మా పెద్దమ్మ లేచి నిలబడి, "ఆ పొడి కొనకండర్రా, నా సేతులు పగిలిపోనాయి" అని రెండు అరచేతులూ అందరికీ చూపించింది. ఆ తర్వాత మా వీధిలో ఆ పొడి ఎవరూ కొనలేదు. ప్రకటన చూసినవాళ్లూ పెద్దమ్మ మాట విన్నవాళ్లూ ఒక్కరే. అందువల్లనే ఆ అబద్ధం మా వాకిలి దాటలేకపోయింది.

ఫోనులో ఆ పెద్దమ్మకు చోటు లేదు. నా మేనల్లుడు మైలేజీ గురించి వెతుకుతాడు కనుక అతనికి బిళ్లల ప్రకటన చూపిస్తారు, మోకాళ్ల నొప్పుల గురించి అడిగిన నా భార్యకు నూనె ప్రకటన చూపిస్తారు, నాకు ఇంకేదో చూపిస్తారు. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద కూర్చున్న ముగ్గురికి మూడు ప్రకటనలు. నేను ముప్పై ఏళ్ల డ్రైవరును కనుక ఆ బిళ్లల ప్రకటన నాకు కనబడి ఉంటే మొదటి రోజే వద్దని చెప్పేవాడిని. అది నాకు ఒక్కసారి కూడా రాలేదు. దానిని నమ్మే అవకాశం ఎవరికి ఉందో వాళ్లకే చేరింది. ఈ సంగతి నన్ను డబ్బు పోవడం కన్నా ఎక్కువగా బాధపెట్టింది. ఇక్కడున్న ఆటో సోదరుల్లో ఆ బిళ్లల ప్రకటన చూసినవారు చేతులెత్తండి. చూడండి, ఎన్ని చేతులో. పక్కపక్క స్టాండ్లలో ఉండి కూడా ఇన్నాళ్లూ ఒకరికొకరు చెప్పుకోలేదు.

టీవీకి కనీసం గంట లెక్క ఉంది. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమావళి ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదు, అందులో 10 నిమిషాలు బయటి వ్యాపార ప్రకటనలకు, 2 నిమిషాలు చానల్ తన గురించి తాను చెప్పుకోవడానికి. ఫోనులోని వీడియోకు అలాంటి గంట లెక్క లేదు. పైగా ఆ ప్రకటన నడవడానికి అయ్యే డేటా మనం రీచార్జి చేయించుకున్నదే. ప్రయాణికుడు టికెట్టు కొన్న తర్వాత బస్సును ఎవరో వ్యాపారి దుకాణం ముందు ఆపి, ఆగినంతసేపు డీజిలు ఖర్చు కూడా ప్రయాణికుడి దగ్గరే వసూలు చేస్తే మీరు ఊరుకుంటారా?

ఫోనులో ప్రకటనలు చూపే ఈ కంపెనీలకు ఇంత ధీమా ఎక్కడ నుంచి వచ్చిందని నేను కొంతకాలంగా పత్రికలు ముందు వేసుకుని చదువుతున్నాను. 2006లో గూగుల్ సంస్థ యూట్యూబ్‌ను 165 కోట్ల డాలర్లకు కొన్నది. అప్పటికి గూగుల్‌కు సొంత వీడియో సేవ ఉంది, అంటే పోటీగా ఉన్న బండిని కొని తన షెడ్డులో పెట్టుకున్నది. మరుసటి ఏడాది, సైట్లకు ప్రకటనలు అందించే డబుల్‌క్లిక్ సంస్థను 310 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకుని 2008 మార్చిలో పూర్తి చేసింది. దానితో వెతికే చోటు, చూసే చోటు, ప్రకటనలు అమ్ముడుపోయే సంత ఒకే యజమాని కిందికి వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో అమెరికాలోని ఒక ఫెడరల్ న్యాయస్థానం ఆ ప్రకటనల సాంకేతిక విపణిలో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నడిపిందని తీర్పు చెప్పింది. కొనుగోలుకు, తీర్పుకు నడుమ పదిహేడు సంవత్సరాలు గడిచాయి. ఫేస్‌బుక్ కూడా 2012లో ఇన్‌స్టాగ్రామ్‌ను, 2014లో వాట్సాప్‌ను కొన్నది.

మన దేశంలో టీవీ కూడా అదే దారి పట్టింది. 2022 వేలంలో ఐపీఎల్ టీవీ హక్కులు స్టార్ సంస్థకు, ఆన్‌లైన్ హక్కులు వయాకామ్18 అనే మరో సంస్థకు వెళ్లాయి. 2024 నవంబరులో ఆ రెండు సంస్థలూ ఒక్కటయ్యాయి, 2025 ఫిబ్రవరిలో వాటి రెండు యాప్‌లు కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి. టీవీలో ప్రకటనలు ఎక్కువైతే ఫోనుకు, ఫోనులో ఎక్కువైతే టీవీకి వెళ్లే ప్రేక్షకుడికి క్రికెట్ విషయంలో ఇప్పుడు రెండు తలుపులూ ఒకే ఇంట్లోకి తెరుచుకుంటున్నాయి.

విలీనం అన్న మాటే చెడ్డదని నేను అనడం లేదు. నేను స్వయంగా విలీనమైనవాడిని. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులందరం ప్రభుత్వ ఉద్యోగులమయ్యాము, ఆ రోజు డిపో గేటు దగ్గర మేము మిఠాయిలు పంచుకున్నాము. కానీ ఆ విలీనం కోసం ఏళ్ల తరబడి అడిగినది మేము. దాని గురించి శాసనసభలో చర్చించారు, చట్టం చేశారు, జీతమెంత, సెలవులెన్ని అన్నది మాకు చెప్పారు. ఈ పెద్ద కంపెనీలు కలిసినప్పుడు కోట్ల మంది ప్రేక్షకుల్లో ఒక్కరినైనా, మీకు చూపే ప్రకటనలకు ఇకమీదట ఎవరు జవాబు చెప్పాలి అని అడిగినవారు లేరు.

కొంత మంచి కూడా జరిగింది. ఇదివరకు కంపెనీల ఆస్తులను, టర్నోవరును బట్టే కొనుగోళ్లను పరిశీలించేవారు, అందువల్ల డబ్బు సంపాదించకుండానే కోట్ల మందిని పోగేసుకున్న యాప్‌లను కొన్నా అడిగేవారు లేకపోయేవారు. 2024 సెప్టెంబరు నుంచి ఒప్పందం విలువ 2,000 కోట్ల రూపాయలు దాటి, కొనబడే సంస్థకు మన దేశంలో గణనీయమైన వ్యాపారం ఉంటే, వ్యాపారాల్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్‌కు ముందుగా తెలియజేయాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. కానీ జరిమానా వేయడానికి ముందు మనిషి దొరకాలి కదా.

నేను కోరేది పెద్ద కోరిక కాదు. ప్రతి వీడియో ప్రకటన మీద అమ్మేవాడి పేరు, ఊరు, మోగే ఫోను నంబరు తెలుగులో కనిపించాలి. రెండవది, తమ దగ్గర నడిచిన ప్రకటనలన్నిటినీ ఎవరైనా వెతికి చూసుకోగలిగే చోట పెద్ద సంస్థలు ఉంచాలి. ఐరోపా సమాఖ్య 2022లో చేసిన డిజిటల్ సేవల చట్టంలో ఈ నిబంధన ఉంది. అక్కడ చట్టం అడిగినదాన్ని ఇక్కడ చట్టం అడగకపోవడానికి కారణం నాకు కనిపించదు. అలా పెడితే నాలాంటి పాత డ్రైవరు రోజూ ఒక పావుగంట కూర్చుని మైలేజీ ప్రకటనలన్నీ చూస్తాడు, నర్సుగా పనిచేసిన అమ్మ నూనె ప్రకటనలు చూస్తుంది, లేచి నిలబడి చేతులు చూపించడానికి మా పెద్దమ్మకు మళ్లీ ఒక వాకిలి దొరుకుతుంది. ఈ రెండు కోరికలతో ఒక అర్జీ రాసి తెచ్చాను. మీలో ఇష్టమైనవారు సంతకం పెట్టండి. ఇది మన పార్లమెంటు సభ్యుడికి, వినియోగదారుల వ్యవహారాల శాఖకు వెళుతుంది. ఈలోగా ఎవరైనా మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేయండి, కొన్న పెట్టెను, రసీదును, ప్రకటన ఫోటోను పారేయకుండా దాచండి.

నా సమయం అయిపోయిందని కార్యదర్శిగారు చూపిస్తున్నారు. ఒక్క నిమిషం. ఆ బిళ్లలు ఇవిగో, నా సంచిలోనే ఉన్నాయి. నా మేనల్లుడి ఆటో బయట వేపచెట్టు కింద ఉంది. సభ అయ్యాక ఆటో సోదరులు అక్కడికి రండి. ట్యాంకు నింపి లెక్క కట్టడం, బ్రేకు పట్టిందో లేదో చూసుకోవడం నేను చేసి చూపిస్తాను. గాలి కొలిచే మీటరు తెచ్చాను, వచ్చిన ప్రతి బండికీ చూస్తాను.