ఆపేది ఒకటి, ఆపాల్సింది ఇంకొకటి

(నెల్లూరులో రిటైరైన ఉద్యోగుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద పెద్దలకి, కింద కూర్చున్న పెద్దలకి నమస్కారం. ముందు మాట్లాడిన ముగ్గురూ ఒకరినొకరు తనివితీరా పొగుడుకున్నారు. నా వంతు పొగడ్తలు కూడా అందులోనే కలిపేసుకోండి. ఒంటిగంటకి భోజనాలని బయట బోర్డు పెట్టారు, చేపల పులుసు వాసన ఇప్పటికే లోపలికొస్తోంది. ఆహ్వానపత్రంలో నాకు 'ఒత్తిడి లేని జీవితం' అనే అంశం వేశారు. అట్టాంటి జీవితం ఎక్కడుందో నాకు తెలీదు కాబట్టి దాన్ని వదిలేస్తున్నా. ఆందోళనకి డాక్టరు మందు రాసిచ్చాక మొదటి పదిహేను రోజులు ఇంట్లో ఏం జరుగుతుందో, అది చెప్తాను.

గుండె దడ, ఊపిరి అందనట్టుండడం, అరచేతుల్లో చెమట, ఏదో అయిపోతుందన్న భయం. ముందు గుండె డాక్టరు దగ్గరికి పోతాం. ఈసీజీ, ఎకో అన్నీ తీస్తారు, గుండెకేం కాలేదంటారు. ఆమైన ఎవరో చెప్తే మానసిక వైద్యుడి దగ్గరికి పోతాం, ఇంట్లో మాత్రం 'నరాల డాక్టరు' అని చెప్తాం. ఏ పేరుతో పోయినా పోవడం మంచిదే. ఆయన రాసే చీటీలో చాలాసార్లు రెండు మందులుంటాయి. ఈ రెండింటి సంగతే నేను చెప్పాలనుకున్నది.

మొదటిది ఎస్సిటాలోప్రామ్ కావచ్చు, సెర్ట్రాలిన్ కావచ్చు, పరోక్సెటిన్ కావచ్చు. జబ్బుని తగ్గించే మందు ఇది. రెండోది క్లోనజెపామ్, పావు మిల్లీగ్రామో అర మిల్లీగ్రామో. కొందరికి ఆల్ప్రజోలామ్, ఎటిజోలామ్ రాస్తారు. మొదటి మందు పని మొదలుపెట్టేదాకా దడని అణిచిపెట్టడానికి ఇచ్చే తోడు మందు అది. రెండు మూడు వారాలు, మహా అయితే నాలుగు వారాల మాట.

ఇక ఇంట్లో జరిగేది వినండి. మొదటి మందు వేసుకున్న రెండో రోజుకి కడుపులో తిప్పుతుంది, తల దిమ్మెక్కుతుంది, దడ ఇంకాస్త పెరుగుతుంది. అసలు గుణం మాత్రం నెల దాకా కనపడదు. రెండో మందు వేసుకున్న అరగంటకో గంటకో ఒళ్ళు తేలికపడుతుంది, హాయిగా నిద్ర పడుతుంది. మనిషికి ఏది మంచి మందనిపిస్తుంది? వారం తిరిగేసరికి మొదటిది పడలేదని ఆపేస్తారు. రెండోది మందుల షాపులో అడిగి తెచ్చుకుని ఏళ్ళ తరబడి మింగుతారు. సాగించాల్సింది ఆగిపోతుంది, ఆగిపోవాల్సింది సాగుతుంది. వాళ్ళ తప్పు కాదండీ ఇది. మొదటి రోజే ఎవరన్నా రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పుండాల్సింది. డాక్టరు గది బయట అరవై మంది ఉంటారు. షాపులో అబ్బాయికి మాత్రల అట్టలు కత్తిరించడానికే టైము చాలదు. ఆ రెండు నిమిషాలు ఎవరి దగ్గరా లేవు కాబట్టి మీ భోజనం టైములోంచి తీసుకుంటున్నా.

ముందు వికారం. ఈ మందులు సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేస్తాయి. మందు మెదడు కోసం వేసుకుంటాం గానీ, ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో నూటికి 90 పాళ్ళు పేగుల్లోనే ఉంటుంది. అందుకని మొదటి దెబ్బ కడుపుకి తగుల్తుంది. వికారం, ఆకలి మందగించడం, కొందరికి పల్చటి విరేచనాలు. సెర్ట్రాలిన్‌తో విరేచనాలు కాస్త ఎక్కువ. వారం, పది రోజుల్లో చాలామందికి తగ్గిపోతుంది. అప్పటిదాకా మాత్రని పరగడుపున వేసుకోవద్దు. రెండు ఇడ్లీలో, ఓ గరిటె పెరుగన్నమో తిన్నాక వేసుకోండి. ఆ వారం పొద్దున్నే కారం దోశ, నెయ్యి, దాని మీద రెండు టీలు పెట్టుకోవద్దు. ఒకేసారి కడుపు నిండా తినకుండా నాలుగైదు సార్లు కొంచెం కొంచెం తినండి. అల్లం ముక్క బుగ్గన పెట్టుకున్నా కొందరికి సర్దుకుంటుంది.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. డోకొస్తోందని షాపుకి పోయి వాంతుల మాత్ర అడుగుతారు. ఆండన్‌సెట్రాన్ ఇస్తారు, లేదా గ్యాసు మాత్రలో కలిసున్న డోమ్‌పెరిడోన్ ఇస్తారు. ఈ రెండూ గుండె కొట్టుకునే విద్యుత్ లయని కొంచెం సాగదీస్తాయి. ఎస్సిటాలోప్రామ్ కూడా అదే పని చేస్తుంది. గుండె జబ్బున్నవాళ్ళు, పెద్ద వయసువాళ్ళు, ఒంట్లో పొటాషియం తగ్గినవాళ్ళు డాక్టరుకి చెప్పకుండా ఇవి కలపకూడదు. జలుబు చేసిందని ఎవరో ఇచ్చే అజిత్రోమైసిన్‌కీ ఇదే వర్తిస్తుంది. గ్యాసుకి వేసుకునే ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ అయితే రక్తంలో ఎస్సిటాలోప్రామ్ మోతాదునే పెంచేస్తాయి. అంటే పది మిల్లీగ్రాములు వేసుకున్నవాడి ఒంట్లో పదికి మించి పనిచేస్తుంటుంది. అన్నీ మానమని కాదు, ఏమేం వాడుతున్నారో ఒక కాగితం మీద రాసుకుపోయి డాక్టరుకి చూపించమంటున్నా.

రెండోది, దీనికే అందరూ భయపడేది, దడ పెరగడం. దడకని మందు వేసుకుంటే దడే పెరిగిందంటే ఎవరికైనా మండుతుంది. కాలు నిలవదు, చేతులు సన్నగా వణుకుతాయి, రాత్రి మూడింటికి మెలకువొస్తుంది, ఊరికే ఆవలింతలొస్తాయి. ఎందుకంటారా, మనకి తెలిసిన లెక్కలో చెప్తా. సోమశిల డ్యామ్ నుంచి కాలువకి నీళ్ళు వదిలారనుకోండి. వదిలినరోజే చివరి పొలం తడవదు. మధ్యలో కాలువ కాపలా చూసే లస్కరు నీళ్ళు ఎక్కువొస్తున్నాయని షట్టరు దించేస్తాడు. మెదడులోనూ అట్టాంటి లస్కర్లున్నారు. మందు పడిన రోజే సెరటోనిన్ పెరుగుతుంది, ఆ కణాల మీదున్న కాపలాదార్లు అది చూసి సరఫరా తగ్గించేస్తాయి. ఇదే కొత్త మట్టమని వాటికి నమ్మకం కుదిరి షట్టరు ఎత్తడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా కాస్త ఎగుడుదిగుడు తప్పదు. రెండో వారం చివర కొంచెం నెమ్మది, నాలుగు నుంచి ఆరు వారాలకి అసలు గుణం, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది.

దీన్ని తగ్గించే ఉపాయం చిన్న మోతాదుతో మొదలుపెట్టడమే. ఎస్సిటాలోప్రామ్ 5 మిల్లీగ్రాములతో వారం, ఆమైన 10. సెర్ట్రాలిన్ అయితే 25తో వారం, ఆమైన 50. పానిక్, అంటే ఉన్నట్టుండి భయం ముంచుకొచ్చేవాళ్ళ ఒళ్ళు మరీ సున్నితం, వాళ్ళకి ఇంకా తక్కువతో కూడా మొదలుపెడతారు. మొదటిరోజే 10 రాసి, తట్టుకోలేకపోతే మందు మానకండి. ఫోన్ చేసి, మోతాదు తగ్గించుకోవచ్చా అని అడగండి. మాత్ర నిద్ర చెడగొడితే పొద్దున టిఫిన్ తర్వాతకి మార్చుకోవచ్చు, మత్తుగా ఉంటే రాత్రికి మార్చుకోవచ్చు, ఈ మార్పుకీ ఒక మాట అడిగి చెయ్యండి. టీ, కాఫీ సగానికి తగ్గించండి, మధ్యాహ్నం రెండు దాటాక అసలొద్దు. తలనొప్పికి పారాసెటమాల్ చాలు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్‌లాంటివి ఈ మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. మోకాళ్ళ నొప్పుల మాత్రలు ఈ హాల్లో ఎందరి జేబుల్లో ఉన్నాయో అడగను. గుండెకి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకునేవాళ్ళు ఉన్నట్టుండి ఆపొద్దు, కానీ డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. నడుంనొప్పికిచ్చే ట్రమడాల్ మటుకు అడక్కుండా వేసుకోవద్దు. రెండూ కలిసి సెరటోనిన్ మితిమీరితే జ్వరం, వణుకు, కండరాలు బిగుసుకోవడం, మాట తికమక. అది ఇంట్లో చూసుకునే విషయం కాదు, వెంటనే ఆసుపత్రికి పోవాల్సిందే.

'వేడి చేసింది' అని మజ్జిగ తాగి మందు మానేసేవాళ్ళకి ఒక మాట. మజ్జిగ తాగండి, మందు మానొద్దు.

ఇక్కడున్న వాళ్ళలో ఎక్కువమంది అరవై దాటినవాళ్ళు కాబట్టి సోడియం గురించి చెప్పకుండా దిగను. ఈ మందులు పెద్దవాళ్ళలో రక్తంలో ఉప్పు మట్టాన్ని పడగొట్టొచ్చు. 135 నుంచి 145 మధ్య ఉండాలి. బీపీ మాత్ర పేరు చివర హెచ్ అనే అక్షరం ఉందేమో ఇంటికి పోయి చూసుకోండి. సాధారణంగా అది హైడ్రోక్లోరోథయజైడ్, మూత్రం ద్వారా ఉప్పుని బయటికి పంపే మందు. ఆ మాత్ర ఒకటి, ఈ కొత్త మాత్ర ఒకటి, బీపీ అని కూరలో ఉప్పు తగ్గించడం ఒకటి, రోహిణి కార్తెలో చెంబులకొద్దీ నీళ్ళు తాగడం ఇంకొకటి. నాలుగూ కలిశాయంటే మొదటి నెలలోనే మనిషి తూలడం, తలనొప్పి, పొద్దున అడిగిందే మళ్ళీ మధ్యాహ్నం అడగడం మొదలవుతాయి. ఇంట్లోవాళ్ళు వయసు మీద పడిందనుకుంటారు. రక్తపరీక్షతో తేలిపోతుంది. మందు మొదలుపెట్టిన రెండు వారాలకి సోడియం పరీక్ష రాయమని మీరే అడగండి. అరవై ఐదు దాటినవాళ్ళకి ఎస్సిటాలోప్రామ్ మామూలుగా 10 మిల్లీగ్రాములు దాటనివ్వరు, అది కూడా గుర్తుపెట్టుకోండి.

ఇంకొకటి చెప్తే ముందు వరసలో సిగ్గుపడతారు, అయినా చెప్తా. ఈ మందులు మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ కోరిక తగ్గిస్తాయి, స్ఖలనం ఆలస్యం చేస్తాయి. వికారంలాగా ఇది వారంలో పోయేది కాదు, చాలామందిలో మందున్నంతకాలం ఉంటుంది. పెళ్ళైన కొడుకు కారణం చెప్పకుండా మందు మానేశాడంటే కారణం తరచుగా ఇదే. మోతాదు తగ్గించడం, మందు మార్చడం, దారులున్నాయి. డాక్టరుకి నోరు తెరిచి చెప్తేనే.

పిల్లల విషయంలో జాగ్రత్త. పాతికేళ్ళలోపువాళ్ళకి మొదటి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లోనే ఈ హెచ్చరికని మందు వివరాల కాగితం మీద నల్లగీతల పెట్టెలో వేయించింది, 2007లో 24 ఏళ్ళ వరకూ పొడిగించింది. ఆ కుర్రాడు ఉన్నట్టుండి నిలకడ లేకుండా తిరుగుతున్నా, ముభావంగా ఉన్నా, 'మీకు భారం' అన్నా ఆరోజే డాక్టరుకి ఫోన్ చెయ్యండి. అట్టాంటి ఆలోచన ఉందా అని సూటిగా అడగండి, అడిగితే పుడుతుందన్న భయం అక్కర్లేదు. పశువుల పాకలో ఉన్న పురుగుమందు డబ్బాకి తాళం వెయ్యండి, మాత్రలు మీ దగ్గర పెట్టుకోండి. మనసు బాధలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం ఉంది, పేరు టెలీ మానస్, నంబరు 14416. 2022 అక్టోబర్‌లో మొదలైంది, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులుండవు. రాసుకోండి, నేను ఆగుతాను.

ఇంకో వైపు కూడా ఉంది. రెండు గంటలే నిద్రపోయి అలుపు లేకుండా, గలగలా మాట్లాడుతూ, విపరీతంగా ఖర్చుపెడుతుంటే మందు బాగా పనిచేస్తోందని సంబరపడొద్దు. అదీ డాక్టరుకి చెప్పాల్సిందే.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. మాత్ర మరిచిపోతే ఏం చెయ్యాలో, గోడ క్యాలెండర్ మీద రోజూ దడకి పదికి ఎన్ని మార్కులో ఎట్టా రాసుకోవాలో చెప్పాలనుకున్నా. మరిచిపోయినరోజు రెండు మాత్రలు కలిపి వేసుకోవద్దు, అంతవరకు చాలు. మిగిలిన టైము అసలు గొడవకి వాడుకుంటా.

మొదటే చెప్పిన ఆ రెండు మందుల్నీ కలిపి ఒకే మాత్రగా అమ్ముతున్నారు. ఎస్సిటాలోప్రామ్ పది, క్లోనజెపామ్ అర. పేరు చివర 'ప్లస్' అనో ఇంకేదో తోక ఉంటుంది. వేసుకోవడానికి సులువే, సందేహం లేదు. కానీ నెల తర్వాత ఆపాల్సినదాన్ని, ఏడాది సాగాల్సినదానితో కలిపి కుట్టేస్తే ఎట్టా విడదీస్తాం? మాత్రని సగం చేస్తే రెండూ సగమవుతాయి. ఉదయగిరి నుంచి నెల్లూరికి బస్సెక్కి రావడం కుదరక, అదే అట్ట చూపించి అదే మాత్ర తెచ్చుకుంటూ ఉంటారు. అట్టని నాలుగు మాత్రలకి కత్తిరిస్తే పేరు ఒక ముక్కలో, మందుల వివరం ఇంకో ముక్కలో పోతుంది. చేతిలో ఉన్నది ఏ మందో తెలిసేదెట్టా? క్లోనజెపామ్ ఉన్న అట్ట మీద ఎడమ మూల ఎర్రగా ఎన్‌ఆర్‌ఎక్స్ అని వేస్తారు, మత్తు మందుల చట్టం కిందికొచ్చేదని గుర్తు. పూర్తి అట్టే ఇవ్వమని అడగండి, అద్దాలు పెట్టుకుని చిన్నక్షరాలు చదవండి. అందులో రెండు పేర్లుంటే, ఇది ఎన్ని వారాలు, విడివిడిగా రాయడం కుదురుతుందా అని డాక్టర్ని అడగండి. అడగడం మర్యాద తప్పడం కాదు. క్లోనజెపామ్ వేసుకున్నన్నాళ్ళు మద్యం తాగకూడదు, మత్తుంటే బండి నడపకూడదు. రాత్రి బాత్రూముకి లేచే పెద్దవాళ్ళు లైటు వేసుకుని, మంచం మీద నిమిషం కూర్చుని లేవాలి. తుంటి ఎముక విరిగేది అట్టాంటి రాత్రే.

ఇప్పుడే వెనక నుంచి ఒక చీటీ వచ్చింది. పేరు లేదు, మంచిదే. 'ఆరేళ్ళుగా ఆ ప్లస్ మాత్ర వేసుకుంటున్నాను. మీరు చెప్పింది విన్నాక ఈ రాత్రి నుంచి మానేస్తున్నాను' అని ఉంది.

మానొద్దండీ. ఈ రాత్రి కూడా వేసుకోండి. ఆరేళ్ళ క్లోనజెపామ్ ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోతుంది, దడ రెట్టింపవుతుంది, ఫిట్స్ కూడా రావొచ్చు. ఎస్సిటాలోప్రామ్ ఒక్కసారిగా ఆపితే తల తిరుగుడు, తలలో కరెంటు కొట్టినట్టు ఝలక్కులు. రెండూ ఒకే మాత్రలో ఉన్నాయి కాబట్టి రెండూ ఒకేసారి మీద పడతాయి. ఈ వారంలో డాక్టరు దగ్గరికి, అట్ట తీసుకుని, వెంట ఒకరిని పెట్టుకుని పోండి. విడి మాత్రలుగా మార్చి రాయమని అడగండి. ఎస్సిటాలోప్రామ్ అట్టాగే ఉంచి, క్లోనజెపామ్‌ని కొన్ని వారాలకొకసారి కొంచెం చొప్పున ఆయన తగ్గించుకుంటూ వస్తారు. నెలలు పట్టొచ్చు, తొందరేం లేదు. ఏదన్నా మెట్టు దగ్గర ఇబ్బందైతే అక్కడే కొన్నాళ్ళు ఆగుతారు. చీటీ రాసినవాళ్ళు భోజనాల దగ్గర నన్ను కలవాలంటే కలవండి, చేతులు కడుక్కునే చోట ఉంటాను, పక్కన ఎవరూ లేకుండా చూసుకుంటాను.