రాయికి ఊరు పేరు ఉండాలి

శ్రోతలకు నమస్కారం. మొన్న ఎండాకాలం సెలవుల్లో మా వీధి చివరింటి పిల్లవాడు, ఎనిమిదో తరగతి, సైకిల్ హ్యాండిల్‌కు గుడ్డసంచీ తగిలించుకుని మా ఇంటికొచ్చాడు. సంచీలో గుండ్రటి రాయి ఒకటి. "సార్, డైనోసార్ గుడ్డు దొరికింది" అన్నాడు. కొండమల్లేపల్లి దగ్గర వాళ్ల తాత చెలక గట్టు మీద దొరికిందట. చేతిలోకి తీసుకుని చూస్తే మన గుట్టల రాయే, ఎండకు వానకు ఉల్లిపాయ పొరల్లా పెచ్చులు లేచి, అంచులు రాలిపోయి గుండ్రంగా మిగిలిన గ్రానైటు. "గుడ్డు కాదురా" అన్నాను. ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఊరికే పంపలేక లోపలి నుంచి, పాతకాలపు సముద్ర ప్రాణులు రాయై మిగిలిన శిలాజాలు దాచుకున్న నా పాత బిస్కెట్ డబ్బా తెచ్చి వాడి ముందు మూత తీశాను. ఇవాళ మీకు చెప్పబోయేదీ ఆ డబ్బా సంగతే.

నేను భూగర్భశాస్త్రం చదివినవాణ్ణి కాదు, నల్లగొండ చుట్టుపక్కల బడుల్లో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరయినవాణ్ణి. రాళ్ల పిచ్చి మాత్రం చిన్నప్పటి నుంచీ ఉంది. మా ఇంటి వసారాలో తాండూరు బండలు పరిచి ఉండేవి, అందులో ఒక బండ మీద నల్లగా, సన్నగా, కొమ్మలూ రెమ్మలూ వేసుకున్న చెట్టు బొమ్మ. అది కోట్ల ఏళ్ల కింద రాయిలో ఇరుక్కున్న మొక్క అని దోస్తులందరినీ పిలిచి చూపించేవాణ్ణి. పెద్దయ్యాక తెలిసింది, అది మొక్కా కాదు పాడూ కాదు, రాతి పొరల సందుల్లోకి దిగిన నీళ్లలోని మాంగనీసు అలా కొమ్మలు కట్టి పేరుకుపోయిందని. మీ ఇళ్లలో కూడా ఉంటుంది, చూడండి. చాలామంది దాన్ని శిలాజం అనే అనుకుంటారు.

మరి మన దగ్గర నిజం సముద్రపు శిలాజాలు ఎందుకు దొరకవు? పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో కనపడే గుట్టలు చాలావరకు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి, భూమి లోపల కరిగి గట్టిపడింది. కరిగిన రాయిలో ప్రాణి గుర్తు ఎక్కడుంటుంది చెప్పండి. సరే, అమ్రాబాద్ వైపు నల్లమల ఎక్కితే ఇసుక గట్టిపడి రాయైన పొరలున్నాయి, వాటి మీద నీటి అలలు గీసిన గీతలు కూడా ఉంటాయి, హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సిమెంటు కంపెనీలు తవ్వుకునే సున్నపురాయి ఉంది. అవన్నీ ఒకప్పుడు నీళ్ల అడుగున పడ్డవే. కానీ గుల్ల కట్టుకునే ప్రాణులు సముద్రాల్లో విరివిగా పెరిగింది ఇప్పటికి సుమారు 54 కోట్ల ఏళ్ల కింద, మన పొరలు అంతకంటే పాతవి. అంటే సముద్రం వచ్చింది, వెళ్లిపోయింది, నత్తలూ ఆల్చిప్పలూ ఇంకా పుట్టనే లేదు. డైనోసార్లు మొదలైంది సుమారు 23 కోట్ల ఏళ్ల కిందే కాబట్టి వాటి మాట ఎత్తనే అక్కర్లేదు.

ఇక్కడొక పక్కమాట. పాలమూరుకు ఆనుకుని పరిగి దగ్గర నస్కల్ అనే ఊరుంది. అక్కడ లావా పొరల మధ్య చిక్కుకున్న మట్టిని జల్లించి, జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని అనే ఇద్దరు శాస్త్రవేత్తలు డైనోసార్ల కాలపు చిన్న పాలిచ్చే జంతువు పళ్లు పట్టుకున్నారు, 1988లో లోకానికి చెప్పారు. మిల్లీమీటర్లలో కొలిచే పళ్లు! దానికి దక్కనోలెస్టెస్ అని మన దక్కను పేరే పెట్టారు. కానీ ఆ మట్టి సముద్రానిది కాదు, మంచినీటి చెరువుది. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం కూడా అంతే, ఉత్తరాన ప్రాణహిత ఒడ్డు పొరల్లోంచి వచ్చింది, నేల మీద తిరిగిన జంతువు.

సముద్రపువి కావాలంటే మనం దిగువకు పోవాలి. దగ్గరలో గోదావరి జిల్లాల్లో దుద్దుకూరు దగ్గర లావా కింద సున్నపురాయి పొరలో సన్నగా మెలితిరిగిన సముద్రపు నత్తగుల్లలు గుట్టలుగా ఉన్నాయి, ఒంగోలు దగ్గర వేమవరం రాళ్లలో ఆకుల అచ్చుల పక్కనే అమ్మోనైట్లు, అంటే చుట్ట చుట్టుకున్న గుల్లల సముద్ర ప్రాణులు, దొరికాయి. అసలు పండగ మాత్రం తమిళనాడులో, అరియలూరు, పెరంబలూరు, తిరుచ్చి మధ్యన. నేను రైల్లో పోయి అరియలూరులో దిగి, కారై అనే ఊరి బయట ఎర్రటి, పచ్చటి బంకమట్టి వాగుల్లో ఒక పూట నడిచాను. చెట్టూ చేమా లేని నేల, వాన కోసిన గండ్లు, ఎండలో అద్దం పెంకుల్లా మెరిసే జిప్సం రేకులు. వంగి చూస్తే కాలి దగ్గరే తుపాకీ గుండు ఆకారంలో, చిటికెన వేలంత ముక్కలు. మొదట ఎవరో పెన్సిళ్లు విరిచి పారేశారనుకున్నాను, నవ్వకండి. అవి బెలెమ్నైట్లు, స్క్విడ్ అనే సముద్ర ప్రాణి చుట్టాల ఒంట్లో ఉండే గట్టి ముల్లు. దాదాపు 10 కోట్ల ఏళ్ల కింద అక్కడ సముద్రం.

ఆ ప్రాంతంలో సాత్తనూరు దగ్గర 18 మీటర్ల పొడవున ఒక చెట్టు మాను రాయై పడి ఉంది, 1940లో భూగర్భ శాస్త్రవేత్త ఎం.ఎస్. కృష్ణన్ గుర్తించారు. నది కొట్టుకొచ్చి సముద్రంలో పడేసిన మాను. దాన్ని సర్కారు కంచె వేసి కాపాడుతోంది, అక్కడ రాయి మీద చెయ్యి వెయ్యకూడదు, సిమెంటు గనుల్లోకి కూడా అనుమతి లేకుండా దూరకూడదు. ఏరుకోవడం కంటే చూడటమే మేలు అనిపిస్తే అక్కడికి దగ్గర్లో వారణవాసిలో శిలాజాల మ్యూజియం ఉంది. ఇంకో సంగతి, 2020లో ఆ పెరంబలూరు జిల్లాలోనే చెరువు తవ్వుతుంటే డైనోసార్ గుడ్లు బయటపడ్డాయని ఫోన్లలో ఒకటే గోల. భూగర్భ శాస్త్రవేత్తలు పోయి చూస్తే, అమ్మోనైట్ల లాంటి వాటి చుట్టూ మట్టి గట్టిపడిన ఉండలు. మా వీధి పిల్లవాడికి ఈ కథ చెప్పాకే కొంచెం నవ్వొచ్చింది.

ఇప్పుడు డబ్బాలో ఉన్న అమ్మోనైట్ దగ్గరికి వద్దాం. సంక్రాంతికి మనం చుట్టే సకినాన్ని ఊహించుకోండి, లోపల చిన్న చుట్టుతో మొదలై బయటికి లావవుతూ పోతుంది. దాన్ని అడ్డంగా రెండుగా కోసి మెరుగు పెట్టినది నా దగ్గరుంది, మడగాస్కర్‌ది, సుమారు 11 కోట్ల ఏళ్ల నాటిది. కోసిన ముఖం మీద గదులు గదులుగా గోడలు కనపడతాయి. ఆ ప్రాణి పెరిగిన కొద్దీ ముందుకు జరిగి వెనక ఒక గోడ కట్టుకునేది, చివరి గదిలో తానుండేది, వెనక గదులన్నిటి గుండా ఒక సన్నటి గొట్టం పోయేది, దాంతో గదుల్లో నీరు తీసేసి గాలి నింపుకుని తేలేది. చనిపోయాక ఆ ఖాళీ గదుల్లోకి సున్నపు నీరు చేరి, తేనె రంగు స్ఫటికాలు కట్టింది. ఒక్కొక్క గదీ ఒక్కొక్క రంగు. ఆక్టోపస్, స్క్విడ్ దాని దాయాదులు. 6.6 కోట్ల ఏళ్ల కింద డైనోసార్లతో పాటే అమ్మోనైట్లూ పోయాయి, దూరపు చుట్టం నాటిలస్ మాత్రం ఇవాళ్టికీ పసిఫిక్ సముద్రంలో ఈదుతోంది.

ఈ మడగాస్కర్ ముక్కను నేను ఎంత తెలివిగా చూసుకున్నానో కూడా చెప్పాలి కదా. మురికి పట్టిందని మా ఆవిడ ఇత్తడి చెంబులు తోమే చింతపండు పులుసులో ఒక రాత్రి నానబెట్టాను. పొద్దున తీస్తే మెరుపంతా పోయి సుద్దముక్కలా ఉంది ఒక వైపు. గుల్లా సున్నమే, లోపలి స్ఫటికమూ సున్నమే, పులుపు తగిలితే తినేస్తుందని పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి నేనే! నిమ్మకాయ, వెనిగర్, బాత్‌రూమ్ యాసిడ్, ఏదీ వద్దు. మెత్తటి టూత్‌బ్రష్, మంచినీళ్లు చాలు.

ఇక నకిలీల సంగతి, దీని మీద నాకు కొంచెం కోపముంది కాబట్టి ఎక్కువ మాట్లాడతాను. ఒక ఎగ్జిబిషన్‌లో నల్లటి అమ్మోనైట్ కొన్నాను, నాలుగు వందల యాభై. ఇంటికొచ్చి చెంపకు ఆనించుకుంటే చల్లగా లేదు. రాయి చల్లగా ఉంటుంది, బరువుగా ఉంటుంది. భూతద్దం పెడితే గాలి బుడగలు, గుండ్రంగా, చిన్న చిన్నవి. రెసిన్, అంటే ప్లాస్టిక్ లాంటి పోత! మర్నాడు మళ్లీ పోయి ఆ దుకాణం ట్రేలో మిగిలినవి చూశాను, మూడింటికి ఒకే చోట, ఒకే ఆకారంలో అంచు విరిగి ఉంది. ఒకే అచ్చులో పోసినవన్నమాట. అడిగితే ఆయన "అన్నీ ఒకే జాతివి సార్, అట్లనే ఉంటయ్" అన్నాడు. ఏమంటాం.

మీరు కొనేటప్పుడు ఇంకొకటి చూడండి. అసలు అమ్మోనైట్ పైగుల్ల ఊడిన చోట, లోపలి గోడలు గుల్లకు అతుక్కున్న గీతలు కొత్తిమీర ఆకు అంచుల్లా వంకరటింకరగా ఉంటాయి. రాయి చెక్కేవాడు చుట్టలు చెక్కగలడు, ఆ ఆకుల అంచులు చెక్కే ఓపిక ఉండదు. మొరాకో నుంచి వచ్చే మోససార్ పళ్ల దగ్గర మోసం ఇంకో రకం. పన్ను చాలాసార్లు అసలుదే, అక్కడి ఫాస్ఫేట్ గనుల్లో లెక్కలేనన్ని దొరుకుతాయి. దాని చుట్టూ ఉన్న దవడే ఇసుకా జిగురూ కలిపి పోసింది. ఇంకో మాట, మోససార్ డైనోసార్ కాదు, సముద్రపు సరీసృపం. ఇక్థియోసార్ కూడా అంతే, గుజరాత్ కచ్‌లో దొరికిన అయిదున్నర మీటర్ల ఇక్థియోసార్ గురించి 2017లో పేపర్లలో వచ్చింది, చదివే ఉంటారు. "సముద్రపు డైనోసార్ పన్ను" అని చీటీ పెట్టి అమ్మేవాడికి తన సరుకు తనకే తెలియదని అర్థం.

ఈ మోసాలు ఇప్పటివీ కావు. ఇంగ్లండులో విట్బీ అనే ఊళ్లో వెనకటికి అమ్మోనైట్లకు పాము తలలు చెక్కి, రాయైన పాములని అమ్మేవాళ్లు. అదే దేశంలో లైమ్ రెజిస్ ఒడ్డున మేరీ అనింగ్ అనే పేదింటి పిల్ల నిజం రాళ్లు ఏరి అమ్ముకునే బతికింది, 1812లో ఇక్థియోసార్ ఎముకల గూడు బయటికి తీసినప్పుడు ఆమెకు పట్టుమని పదమూడేళ్లు. ఆ కొండచరియలోని ఏ పొరలో ఏది దొరుకుతుందో ఆమెకు వేళ్ల మీద లెక్క.

నా దృష్టిలో అసలుకూ నకిలీకీ మధ్య ఇంకో తరగతి ఉంది, ఊరు పేరు లేని రాయి. అసలుదే, కానీ ఎక్కడిదో తెలియదు. ఏ పొరలోదో తెలియకపోతే ఎంత పాతదో చెప్పడం కష్టం, పక్కన ఏమేం ఉన్నాయో తెలియదు, శాస్త్రవేత్తకు చూపించినా బల్ల మీద పెట్టుకునే బొమ్మే. అందుకే అనుమతి ఉన్న చోట ఏదైనా ఏరితే ముందు అక్కడే, రాయి ఎత్తకముందే, పక్కన ఒక పెన్ను పెట్టి ఫొటో తీయండి, ఫోన్‌లో లొకేషన్ పట్టుకోండి. న్యూస్‌పేపర్లో చుట్టి, చీటీ మీద ఊరు, తేదీ, మట్టి రంగు, వాగులో దొరికిందా పొరలోంచి ఊడిందా రాసి లోపల పెట్టండి. చీటీ పెన్సిల్‌తో రాయండి, ఇంకు తడిస్తే పోతుంది. నా డబ్బాలో ఆ రెసిన్ ముక్కకు కూడా చీటీ ఉంది, "రెసిన్, 450 రూపాయలు" అని.

చీటీ లేనిది ఒక్కటే ఉండేది, మా దేవుడి గూట్లోని సాలగ్రామం. రాగి సంపుటంలో తులసాకు కింద నల్లగా, ఒక పక్క పగిలి, లోపల చక్రం కనపడుతూ ఉంటుంది. వజ్రకీటం తొలిచిన చక్రమని మా నాయనమ్మ చెప్పేది. నేపాల్‌లో ముక్తినాథ్ దిగువన కాళీ గండకీ నదిలో దొరికే ఈ రాళ్ల లోపల ఉండేది అమ్మోనైటే, హిమాలయాలు లేవకముందు అక్కడున్న టెథిస్ సముద్రంలోది. మన నేల ఉత్తరానికి జరిగి ఆసియాను గుద్దుకుంటే ఆ సముద్రం అడుగు మడతలు పడి ఆకాశానికి లేచింది. నాకు అది దేవుడూ అవును, అమ్మోనైటూ అవును, రెంటికీ పేచీ కనపడలేదు. సాలగ్రామాన్ని కొనకూడదు, అమ్మకూడదు అంటారు కదా, మరి మా ఇంటికి ఎట్లా వచ్చిందని నాన్నను అడిగితే, లోపలికి పోయి తాత దాచిన పాత పంచాంగం తెచ్చి చివరి అట్ట తిప్పారు. పెన్సిల్‌తో, తాత చేతిరాత: "ముక్తినాథ క్షేత్రం, గండకీ నది. బావగారు యాత్ర నుండి తెచ్చి ఇచ్చినది. కార్తీక శుద్ధ ఏకాదశి, 1968."