ఫోన్ లాక్ చేసే డబ్బా పది రోజులు వాడా: గేమ్ డ్యూటీలా అనిపించేవాళ్ళు ఇది కొనాలా?

అందరికీ నమస్కారం. ఇదిగో, నా చేతిలో ఉన్నది టైమర్ లాక్ డబ్బా. ఫోన్ లోపల పెట్టి, మూత మీదున్న ఈ నాబ్ తిప్పి టైం పెట్టి నొక్కితే, ఆ టైం అయ్యేదాకా తెరుచుకోదు. ముందే చెప్పేస్తున్నా, ఇది నేను కొన్నది కాదు, కంపెనీవాళ్ళు ఫ్రీగా పంపించారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియోలో ఏం చెప్పాలో కూడా చెప్పలేదు. సైజు, బ్యాటరీ, ఎన్ని గంటల దాకా లాక్ పెట్టుకోవచ్చు, ఇవన్నీ మీరు అన్‌బాక్సింగ్ వీడియోల్లో చూసే ఉంటారు, నేను వాటి జోలికి పోను.

నాకే ఎందుకు పంపారంటే, పోయిన నెల లైవ్‌లో ఒక మాటన్నా, గుర్తుందా? "క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఓపెన్ చేయాలంటేనే నీరసం వస్తోంది, అయినా రోజూ చేస్తున్నా" అని. క్లాష్ ఆఫ్ క్లాన్స్ అంటే ఫోన్‌లో ఊరు కట్టుకుని, క్లాన్ అనే జట్టుగా చేరి వేరే జట్ల ఊళ్ళ మీద అటాక్ చేసే ఆట. ఆ లైవ్ చూసి, మా డబ్బా మీకు పనికొస్తుంది, వాడి చూడండి అని మెయిల్ పెట్టారు.

సరే, మొదటి రాత్రి. లీగ్ వార్, అంటే రోజుకో క్లాన్‌తో తలపడే పోటీ, మూడో రోజు. తొమ్మిదింటికి ఫోన్ లోపల పెట్టి మూడు గంటలు తిప్పా. ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. ఈ డబ్బా చూడండి, అద్దంలా ఉంది, లోపలున్నదంతా కనిపిస్తుంది. మెసేజ్ వస్తే స్క్రీన్ వెలుగుతుంది, ఎవరు పెట్టారో, ఏం పెట్టారో బయటి నుంచే చదువుకోవచ్చు. "అన్నా, ఇంకా ఇద్దరు అటాక్ వేయలేదు." "అన్నా, ఉన్నావా?" కాల్ వస్తే ఫోన్ వణికి ప్లాస్టిక్ గోడకి కొట్టుకుంటూ గర్రుమంటుంది. ఎత్తడానికి లేదు, సైలెంట్ చేయడానికీ లేదు. ఫోన్ చేతిలో ఉన్నప్పుడన్నా రెండు నిమిషాల్లో జవాబిచ్చి పక్కన పడేసేవాణ్ణి. ఇప్పుడు మూడు గంటలు దాని ముందే కూర్చున్నా. మనిషి మనసు కుదుటపడాలని చేసిన వస్తువుకి లోపలిది కనపడకుండా గోడలు పెట్టాలని ఎవరికీ తట్టలేదా? రెండో రోజు నుంచి దాని మీద తువ్వాలు కప్పి వాడా. ఫోన్ కూడా సైలెంట్‌లో పెట్టి, తిరగేసి పెట్టడం నేర్చుకున్నా.

ఇంతకు ముందు నేను వాడింది ఆండ్రాయిడ్‌లో ఉండే డిజిటల్ వెల్‌బీయింగ్. గేమ్‌కి రోజుకి 45 నిమిషాలని టైమర్ పెట్టా. టైం అయిపోగానే ఐకాన్ బూడిద రంగులోకి మారిపోతుంది, గేమ్ తెరుచుకోదు. కానీ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆ టైమర్ తీసేయడం ఎంత పని? వారం తిరక్కుండానే నా వేళ్ళకి ఆ దారి అలవాటైపోయింది. దాంతో పోలిస్తే ఈ డబ్బాని మెచ్చుకోవాలి. దీన్ని బతిమాలినా తెరుచుకోదు.

అయితే ఇది నాకు చేసిన మేలు వేరే ఉంది. నాలుగో రోజు నుంచి పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకున్నా. చెయ్యి డబ్బా వైపు వెళ్ళినప్పుడల్లా, ఎందుకు వెళ్ళిందో రాయడం మొదలుపెట్టా. ఇదిగో ఆ పేజీ, దగ్గరగా చూపిస్తా. మూడు గంటల్లో పదకొండు సార్లు. "గల్ఫ్‌లో ఉన్న తమ్ముడికి అటాక్ గుర్తు చేయాలి." "డొనేషన్ అడిగారు, ట్రూప్స్, అంటే సైనికుల్ని, ఇవ్వాలి." "షీట్‌లో స్టార్స్, అంటే అటాక్‌కి వచ్చిన మార్కులు, నింపాలి." "ఇద్దరు గొడవపడుతున్నారు, సర్ది చెప్పాలి." పదకొండింట్లో "నేను అటాక్ వేయాలి" అన్నది ఒకే ఒక్కటి.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక అటాక్‌కి ఇచ్చే టైం 3 నిమిషాలు. మామూలు వార్‌లో మనిషికి రెండు అటాక్‌లు, అంటే మొత్తం 6 నిమిషాలు. లీగ్‌లోనైతే రోజుకి ఒకటే, 3 నిమిషాలు. మరి నా ఫోన్ ఈ గేమ్ మీద రోజుకి రెండున్నర గంటలు చూపిస్తోంది. మిగతా టైం అంతా నేను ఆడట్లేదు, క్లాన్‌ని నడిపే కో-లీడర్ ఉద్యోగం చేస్తున్నా.

2014లో, ఇంజనీరింగ్ హాస్టల్‌లో మొదలుపెట్టాం ఈ క్లాన్. గేమ్‌లో క్లాన్ వార్స్ వచ్చిందే ఆ ఏడాది. ఒక్క మంచం మీద ఒక్క ఫోన్, చుట్టూ ఆరు తలకాయలు. హాగ్ రైడర్లు, అంటే పందుల మీద వచ్చే మా సైనికులు, గోడలు దూకుతుంటే "హీల్ వెయ్ మామా, హీల్ వెయ్" అని అరుపులు. వార్డెన్ వచ్చి లైట్ తీసేస్తే ఆ ఫోన్ వెలుతురులోనే అటాక్ పూర్తి చేసేవాళ్ళం. తర్వాత ఒకడు డల్లాస్ వెళ్ళాడు, ఒకడు కువైట్, ఇద్దరు రాజమండ్రిలోనే ఉండిపోయారు. క్లాన్ మాత్రం నిలబడింది, దాన్ని నిలబెట్టే పని నా మీద పడింది. 2018లో లీగ్ వార్స్ వచ్చాయి, నెలకోసారి వరసగా ఏడు రోజులు. చివర్లో బోనస్ మెడల్స్ ఎవరికివ్వాలో లీడర్లే తేల్చాలి. అన్యాయం జరక్కూడదని నేనొక షీట్ తయారు చేశా. ఎవరు ఎన్ని స్టార్స్ తెచ్చారు, ఎవరు అటాక్ మిస్సయ్యారు, ఎవరు తమకంటే పెద్ద బేస్, అంటే ఊరు, మీద వేశారు, ప్రతిదానికీ ఒక కాలమ్. ఆఫీసులో పొద్దంతా చేసేది ఆ పనే, రాత్రి ఇంటికొచ్చి చేసేదీ ఆ పనే.

మా చెల్లి నిశ్చితార్థం రోజున వార్ అయిపోవడానికి నలభై నిమిషాలుంది, ఇద్దరు అటాక్ వేయలేదు. ఫంక్షన్ హాల్ వెనక జనరేటర్ పక్కన నిలబడి, ఒక చెవి మూసుకుని వాళ్ళకి ఫోన్లు చేస్తున్నా. లోపల తాంబూలాలు మార్చుకుంటున్నారు. అమ్మ వెతుక్కుంటూ వచ్చి, "ఏరా, ఆఫీసు పనా?" అంది. "అవునమ్మా" అన్నా. "పాపం, ఇవాళ కూడా వదల్లేదా నిన్ను" అని నా భుజం మీద చెయ్యేసి లోపలికి వెళ్ళిపోయింది. అమ్మకి అబద్ధం చెప్పినందుకు ఆ రాత్రంతా బాధపడ్డా. ఇప్పుడీ నోట్‌బుక్ చూస్తుంటే అనిపిస్తోంది, అది అబద్ధం కూడా కాదు.

పని ఒత్తిడితో అలసి నీరసించిపోవడాన్ని బర్నవుట్ అంటారు కదా, ఆ మాట ఆటకి వాడొచ్చా అని నాకే అనుమానం వచ్చి చదివా. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో బర్నవుట్ ఉంది, కానీ అది పనిచేసే చోట వచ్చేదిగానే చెప్పారు. ఒంట్లో ఓపిక లేకపోవడం, ఆ పని మీద విసుగు పుట్టి దూరం జరగడం, ఎంత చేసినా సరిగ్గా చేయట్లేదనిపించడం. మూడూ నాకున్నాయి. గేమింగ్ డిజార్డర్ అని ఇంకోటి అదే వర్గీకరణలో విడిగా ఉంది. అది ఆపుకోలేకపోవడం. చదువు, ఉద్యోగం, ఇల్లు పాడవుతున్నా ఆడుతూనే ఉండటం. ఈ డబ్బా ఆ రెండో రకం వాళ్ళని మనసులో పెట్టుకుని చేసింది. మీది ఆ బాధే అయితే డబ్బా ఒక్కటే సరిపోదు. 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, తెలుగులోనే మాట్లాడొచ్చు. నాకున్నది మొదటిది. దానికి ఫోన్‌ని లాక్ చేస్తే ఏం లాభం? పన్నెండింటికి డబ్బా తెరుచుకోగానే ఆ పదకొండు పనులూ అక్కడే ఉన్నాయి.

నిజంగా పనిచేసింది గేమ్‌లోనే ఉంది, ఎప్పటి నుంచో ఉంది, పైసా ఖర్చు లేదు. మీ ప్రొఫైల్‌లో వార్ ప్రిఫరెన్స్ అని చిన్న డాలు బొమ్మ ఉంటుంది. ఆకుపచ్చ అంటే నేను వార్‌లో ఉంటా, ఎరుపు అంటే ఈసారి నన్ను వదిలెయ్. ఇన్నేళ్ళలో నేను దాన్ని ఒక్కసారి కూడా ఎరుపు చేయలేదు. ఎరుపు పెట్టినవాళ్ళని "ఏరా, డుమ్మానా?" అని తిట్టింది కూడా నేనే. వాళ్ళందరికీ ఈ వీడియోలో సారీ చెప్తున్నా. తప్పు నాదే తమ్ముళ్ళూ. ఆరో రోజు మొదటిసారి ఎరుపు పెట్టా. లీడర్‌కి చెప్పి కో-లీడర్ నుంచి దానికంటే కింది హోదా ఎల్డర్‌కి దిగిపోయా, షీట్ ఇంకొకళ్ళకి అప్పజెప్పా. ఆ రాత్రి పదిన్నరకే నిద్రపట్టేసింది.

ఇంకొకటి, క్లాన్ నడిపేవాళ్ళు ఇది రాసుకోండి. వార్‌లో ప్రిపరేషన్, అంటే సిద్ధమయ్యే టైం, 23 గంటలు, బ్యాటిల్, అంటే అటాక్‌లు వేసే టైం, 24 గంటలు, మొత్తం 47. అంటే మీరు ఏ టైంకి వార్ మొదలుపెడతారో, రెండు రోజుల తర్వాత దానికి గంట ముందు అయిపోతుంది. మేము నిద్ర పట్టక ఏ తెల్లవారుజామున అయిదింటికో సెర్చ్ కొట్టేవాళ్ళం, అంటే ఎదుటి క్లాన్ కోసం వెతికి వార్ మొదలుపెట్టేవాళ్ళం, వార్ నాలుగింటికి అయిపోయేది, ఆ నాలుగింటి దాకా ఎవరో ఒకరు మేలుకుని ఉండాల్సిందే. ఇప్పుడు శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి మాత్రమే సెర్చ్. శనివారం సాయంత్రం ఏడింటికి బ్యాటిల్ మొదలు, ఆదివారం సాయంత్రం ఏడింటికి ముగింపు. డల్లాస్ వాడికి అది ఆదివారం పొద్దున, కాఫీ తాగుతూ వేసుకుంటాడు. వారానికి ఒకటే వార్. అటాక్ వేయనివాడికి ఫోన్లు చేసేది లేదు.

గోల్డ్ పాస్, అంటే డబ్బు కట్టి టాస్కులు చేస్తే ఎక్కువ బహుమతులిచ్చే నెలవారీ పాస్, అది కూడా ఈ నెల కొనలేదు. కొంటే, కట్టిన డబ్బులు రాబట్టుకోవాలని నెలాఖరు దాకా టాస్కులు చేస్తూ కూర్చుంటా, అది నాకు తెలుసు. 2025 మార్చిలో ట్రూప్స్ ట్రెయినింగ్ టైం తీసేశారు కదా, అందరూ పండగ చేసుకున్నారు. నాకు మాత్రం ఆ పాత ఎదురుచూపే మేలనిపిస్తుంది. ఆర్మీ తయారయ్యేదాకా ఫోన్ పక్కన పెట్టి అన్నం తినేవాళ్ళం.

డబ్బా సంగతికొస్తే, గేమ్ డ్యూటీలా అనిపించేవాళ్ళు ఇది కొనకండి. భోజనాల దగ్గర ఇంటిల్లిపాది ఫోన్లు పక్కన పడేయడానికైతే బాగుంటుంది, మా ఇంట్లో ఇప్పుడు దాన్ని అందుకే వాడుతున్నాం, తువ్వాలు కప్పి. నా డాలు ఇంకో రెండు వారాలు ఎరుపే. మీ క్లాన్ వార్ ఏ టైంకి అయిపోతోందో, క్లాన్‌లో వాళ్ళు ఏ ఏ దేశాల్లో ఉన్నారో కామెంట్‌లో పెట్టండి. సెర్చ్ ఎప్పుడు కొడితే అందరికీ నిద్ర దొరుకుతుందో నేను కూర్చుని లెక్కేసి చెప్తా.