ఫోన్ లాక్కుంటే పిల్లలు నోరు విప్పుతారా? (విజయనగరం స్టూడియో చర్చ)

యాంకర్: సిరిమానోత్సవానికి వెళ్లి ఫొటో పెట్టని పిల్లలు మన ఊళ్లో ఉండరు కదా. అందులోంచి ఒక ముఖం తీసి ఇంకో ఒంటికి అతికించి, డబ్బులు పంపకపోతే కాలేజీ గ్రూపులో పెట్టేస్తానని ఎవడో మెసేజ్ చేశాడనుకోండి. అమ్మా, మీ అమ్మాయి మీకు చెబుతుందా?

తల్లి: చెప్పకుండా ఎలాగుంటాదండీ?

ఇంటర్ విద్యార్థిని: నేను చెప్పను మేడమ్. చెప్పగానే ముందు ఫోన్ లాక్కుంటారు, తర్వాత ఫొటో ఎందుకు పెట్టావని తిడతారు, సాయంత్రానికి పెద్దనాన్న వాళ్లింటి దాకా వెళ్లిపోతుంది విషయం.

తల్లి: లాక్కోక ఏటి చేస్తాం మరి?

ఎస్సై: వాడికి కావలసింది అదేనమ్మా, పిల్ల ఎవరికీ చెప్పకూడదు. ఒకసారి డబ్బు పంపితే మళ్లీ అడుగుతాడు. భయపడి చాట్ డిలీట్ చేసేస్తారు చూడండి, అది మాత్రం వద్దు. స్క్రీన్‌షాట్లు, వాడి ఐడీ, యూపీఐ వివరాలు దాచుకుని అప్పుడు బ్లాక్ చెయ్యండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. ఇలాంటి కేసుల్లో జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చెయ్యొచ్చు.

టీచర్: టేక్ ఇట్ డౌన్ అని ఒక ఉచిత సర్వీసుంది, అమెరికాలో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే సంస్థది. 18 ఏళ్లలోపు వాళ్ల నగ్న ఫొటోలు నెట్‌లోంచి తొలగించడానికి. ఫొటో ఎక్కడికీ పంపక్కర్లేదు. దాన్నిబట్టి మన ఫోనే ఒక కోడ్ తయారుచేస్తుంది, ఆ కోడ్ మాత్రమే వెళ్తుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటివి దాంతో పోల్చి చూసి, దొరికితే తీసేస్తాయి.

విద్యార్థిని: ఎవరో ఒకరు చూస్తారు కదా అనే కదా మేడమ్ టెన్షన్. ఎవరూ చూడరా?

టీచర్: కోడ్ చూసి ఫొటో ఎలా ఉందో ఎవరికీ తెలియదు. కాకపోతే ఎన్‌క్రిప్ట్ అయిన చాట్లలో, అంటే పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని చాట్లలో, తిరిగేవాటిని ఇది పట్టుకోలేదు.

విద్యార్థిని: మరి అబ్బాయిల గ్రూపుల్లో నవ్వుతూ ఫార్వర్డ్ చేసేవాళ్లని ఎవరూ ఏమీ అనరేం? ఎప్పుడూ మాకే క్లాసు.

ఎస్సై: నిజమే, తప్పు మాది కూడా. మైనర్ల అశ్లీల ఫొటో పంపితే ఐటీ చట్టం 67బి కింద మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా. 18 నిండనివాడు చేస్తే జువెనైల్ బోర్డుకి వెళ్తుంది. నేను చేసింది కాదు, వచ్చింది పంపానంతే అంటే చెల్లదు.

యాంకర్: అయితే అమ్మా, ఏం చెప్పినా ఫోన్ లాక్కోనని ఇక్కడే మాటిస్తారా?

తల్లి: ఇస్తాను. రాత్రి పదింటికి మాత్రం ఫోన్ హాల్లో పెట్టాలి.

విద్యార్థిని: నాన్నది కూడానా?

తల్లి: ఆయన్నడగాలండీ, అది వేరే గొడవ.